ఎనిమిదో సింహాసనం

గండభేరుండ పక్షికి రెండు తలలుంటాయనీ, రెండూ ఒకే కడుపు కోసం తింటాయనీ అందరికీ తెలుసు. ఆ రెండింటికీ క్షణం పడదన్న సంగతి మాత్రం దాని వీపు మీద ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. ఎడమ తల తూర్పుకు పోదామంటే కుడి తల పడమరకు తిరిగేది. అలా ఒకదాన్నొకటి తిట్టుకుంటూ, నడి ఆకాశంలో మూడుసార్లు బొంగరంలా తిరిగి, తొమ్మిదో రోజు పొద్దు పొడిచే వేళకు ఆ పక్షి, ఎనిమిది రోజులు నడిచి వచ్చి దాని వీపెక్కిన మనవాళ్ళిద్దరినీ, పొగకొండ కింద పడేసింది. దించింది అనడానికి నాకు నోరు రావడం లేదు. పడేసింది.

"పొద్దు గూకేసరికి కొండ కొమ్మున ఉండండి" అంది ఎడమ తల.

"లేకపోతే మా దారిన మేం పోతాం" అంది కుడి తల. పుట్టిన తర్వాత ఆ రెండు తలలకూ ఒక్క మాట మీద కుదిరింది అదే మొదలు.

పడిన ఇద్దరిలో ఒకడు తిప్పన. జనపలపాడులో తాళ్ళు పేనేవాడు. మూడేళ్ళ కిందట ధూమకేశుడనే మాంత్రికుడు మణిమంత రాజ్యపు నదిని, వెండేరును, ఇసుకలో తడి కూడా మిగల్చకుండా చాప చుట్టినట్టు చుట్టి, ఒక రాగి కుండలో కుక్కి, మూత బిగించి ఎత్తుకుపోయాడు. ఏరు పోయాక బావులు లోతుకు పోయాయి. బావులు లోతుకు పోయేకొద్దీ తాళ్ళు పొడుగు కావలసి వచ్చాయి. రాజ్యమంతా ఏడుస్తుంటే తిప్పన పాక ముందు మాత్రం జనం బారులు తీరారు. తిప్పన దశ తిరిగిందని ఊరు అంది. తిప్పనా నమ్మాడు. తొంభై బారల తాడు పేనిన నాడు మీసం కూడా దువ్వాడు. ఆ తాడు కొసన కట్టిన చేద ఎండు మట్టితో పైకి వచ్చిన నాడు, ఆ మీసాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఊళ్ళో ఇక మిగిలింది ఒక పెద్ద బానెడు నీళ్ళు. తాగవలసిన గొంతులు మూడు వందలు. తిప్పన పెళ్ళాం ఓబుళి చేతికర్ర పుచ్చుకుని ఆ బాన పక్కన కూర్చుంది. ఇంటికి ముంతెడు. "తొమ్మిది దినాలు వస్తాయి. తొమ్మిదో పొద్దు గూకినాక నన్నడగొద్దండి" అని ఊరందరికీ చెప్పింది. ఏరు తెచ్చుకు రమ్మన్నట్టు మొగుడికి తువ్వాల చేతికిచ్చి గుమ్మం వైపు చూసింది. అంతే.

ఆ తొమ్మిదో పొద్దే ఇప్పుడు తూర్పున ఎర్రగా లేస్తున్నది.

రెండోవాడు భల్లయ్య అనే పడుచు సైనికుడు. సైనికుడని నేనంటున్నాను గానీ, ఆ తలపాగా కింద ఉన్నది మణిమంత రాజు కూతురు కువలయ. ఆమె అన్న ప్రతాపభానుడు, వెండేరును తెచ్చి తండ్రి పాదాల ముందు పెడతానని పోయి తిరిగి రాలేదు. అతనికి ముందు ఆరు దేశాల రాజకుమారులు ఆరుగురు పోయారు. వాళ్ళూ రాలేదు. అందుకని ఆమె మగవేషం వేసి అన్నను వెతకబోయి, దారిలో తిప్పనకు జత కలిసింది. ఈ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, పక్షి రెండు తలలకూ తెలుసు. ఎనిమిది రోజులు పక్కనే నడిచిన తిప్పనకు మాత్రం తెలియదు. "నీకింకా మీసం మొలవలేదేందయ్యా భల్లయ్యా, ఆముదం రాయకూడదా" అని రోజుకొకసారి జాలిపడేవాడు.

పొగకొండకు పైనుంచి కింది దాకా చంద్రకాంత శిలల మెట్లు. మెట్టు మెట్టుకూ విచ్చిన తామరపువ్వు, పువ్వు పువ్వుకూ కెంపుల కేసరాలు. పైన మబ్బుల నడుమ ఒక బంగారు సభ. దాని వెయ్యి శిఖరాల మీద వెయ్యి పడగలు, పడగ పడగకూ ఒక దీపం. చూస్తే కన్ను తిప్పబుద్ధి కాదు. చిక్కంతా అక్కడే ఉంది. మెట్ల రెండు పక్కలా, ఎవరో ఏరి పారేసిన చింతకాయ తొక్కల్లా, ఖాళీ కవచాలు గుట్టలు పడి ఉన్నాయి.

కువలయ శిఖరం మీద చూపు నిలిపి పరుగందుకుంది. ఇన్నూరు మెట్లు ఎక్కింది. ఆగి కిందికి చూస్తే, వెనకే ఎక్కి వచ్చిన తిప్పన రెండు బారల దూరంలో నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు తిప్పన్నా? పొద్దు పైకొస్తోంది."

"లెక్క పెడతాండా. నువ్వు పైకి చూసినప్పుడల్లా ఒక మెట్టు కొత్తగా పుడతాంది. నువ్వు ఇన్నూరు ఎక్కినావు. అదీ ఇన్నూరు ఈనింది."

"చూడకుండా ఎలా ఎక్కడం?"

"మేం తాడు పేనేటప్పుడు ముందుకు నడుస్తామా యాడన్నా? వెనక్కే. అయిన తాడును చూసుకుంటా పోతాం. కావాల్సిన పొడుగు మీద కన్నేస్తే చేతిలో పురి సడలతాది. తిరుగు ఇటు."

ఇద్దరూ శిఖరానికి వీపు చూపించి, వెనక్కి ఎక్కడం మొదలుపెట్టారు. వెనకకు తిరిగి ఎక్కితే కొత్త మెట్లు పుట్టలేదు, నిజమే. కానీ ధూమకేశుడు అంత తెలివితక్కువవాడు కాదు. వాళ్ళు కాలు ఎత్తిన మెట్టు ఎత్తినట్టే విరిగి లోయలో పడసాగింది. ఆ రాళ్ళు కింద పడిన చప్పుడు కూడా పైకి వినిపించలేదు. కళ్ళు కిందికే ఉన్నాయి కాబట్టి ప్రతి మెట్టూ పడడం చూడక తప్పలేదు. ఒకచోట కువలయ మడమ జారింది. తిప్పన ఆమె నడుంపట్టీ పట్టి లాగకపోతే ఈ కథ ఇక్కడి నుంచి ఒక మనిషి తక్కువతో నడిచేది.

"వెనక్కి దిగడానికి దారి లేదు ఇక" అంది కువలయ.

"పక్షి ఉండాది గదా" అన్నాడు తిప్పన. "దానికి మాట మీద నిలబడే తల ఏదో తెలిస్తే బాగుండును."

వీపులు తలుపుకు తగిలేసరికి ఒక జాము గడిచిపోయింది. పగటికి నాలుగు జాములు. మిగిలినవి మూడు.

తలుపు దగ్గర పీట మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. తలలో మల్లెలు, నోట తాంబూలం, మొహం నిండా నవ్వు. పేరు మంగళవ్వ.

"రండి నాయనా, రండి. ఇది జయసభ. ఇక్కడికి వచ్చి ఓడిపోయినవాడు ఇంతవరకూ లేడు. ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరు చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. ఏం జరిగితే నీ పని అయినట్టు?"

తెరిచిన తలుపులోంచి లోపల కనిపించింది. వెయ్యి స్తంభాల మండపం. స్తంభానికొక పట్టు తెర, తెరకు ముత్యాల కుచ్చు. గోడల వెంట ఎనిమిది సింహాసనాలు, అన్నీ గోడల వైపే తిరిగి ఉన్నాయి. ఏడింటి మీద ఏడుగురు రాజకుమారులు. మొదటివాడు విజయం కావాలన్నాడట. ఎవరి మీద అని చెప్పడం మరిచాడు. ఎదురుగా ఉన్న గోడ రోజూ అతనికి లొంగిపోతున్నది, పొగతో చేసిన భటులు శంఖాలు ఊదుతున్నారు. రెండోవాడు ధూమకేశుడి తల నరకాలన్నాడు. పొద్దున్నే ఒక తల తెచ్చి పెడతారు, నరుకుతాడు, మురిసిపోతాడు. అది గుమ్మడికాయ అని అతనికి తప్ప అందరికీ తెలుసు. మూడోవాడు కీర్తి అడిగాడు. పన్నెండుమంది పొగ వందిమాగధులు అతన్ని పొగుడుతూనే ఉన్నారు, అతను ఇంకా తృప్తి చాలక చెవి ముందుకు పెడుతున్నాడు. తక్కిన ముగ్గురూ అదే తంతు. ఏడోవాడి ముందు పొగతో చేసిన ఒక ముసలి రాజు నిలబడి, భుజం తట్టి, "శభాష్ నాయనా. నా కొడుకువి అనిపించావు" అంటున్నాడు. అది ముగియగానే మళ్ళీ మొదటి నుంచి అంటున్నాడు.

ఆ ఏడోవాణ్ణి చూడగానే కువలయకు తన వేషం, తను వచ్చిన పని, పక్కనున్న తిప్పన, అన్నీ మరుపున పడ్డాయి.

"మా అన్న. అన్నను కళ్ళారా చూస్తే చాలు" అంది.

"చాలా? అలాగే నాయనా" అంది మంగళవ్వ.

కువలయ నడిచివెళ్ళి ప్రతాపభానుడి ఎదుట నిలబడింది. చూసింది. చూస్తూనే ఉండిపోయింది. రెప్ప పడలేదు, కాలు కదలలేదు. బయట పొద్దు ఎవరో తోసినట్టు నడినెత్తికి ఎగబాకింది.

"ఇక్కడ ఒక్కొక్క జయం ఒక్కొక్క జాము తింటుంది నాయనా. ఉత్తినే ఏదీ రాదు గదా" అంది మంగళవ్వ, తమలపాకు ఈనె తీస్తూ. "ఇక నువ్వు చెప్పు. ఏం జరిగితే నీ పని అయినట్టు?"

ఏరు దొరకాలి అంటే పొగతో ఏరు చేసి పెడుతుంది. కుండ చేతికి రావాలి అంటే ఏదో ఒక కుండ చేతిలో పెడుతుంది. తిప్పన నాలుక మీదికి వచ్చిన మాటనల్లా మింగాడు. మిగిలింది చిన్నప్పుడు నేర్చుకున్న పనివాడి మాట ఒక్కటే.

"అది నేను చెప్పేది కాదవ్వా."

మంగళవ్వ నవ్వు కొంచెం తగ్గింది. "నీ పని నువ్వు చెప్పక ఎవరు చెబుతారు?"

"మా పనిలో అంతే. తాడు పేనినోడు తాడు అయిందని అనకూడదు. కొస ముడెయ్యకుండా, పురి ఊడకుండా ఇంత దారం చుట్టి ఇస్తాం. తీసుకున్నామె పోయి బావిలో చేద వదలాల. చేద నీళ్ళను తాకినాక 'అందింది' అని ఆమె కేకెయ్యాల. అప్పుడు మేం పోయి కొస కోసి ముడేస్తాం. ఆమె అనేదాంక అది తాడు కాదు, పీచు."

ముసలమ్మ లేచి నిలబడింది. ఈ గుమ్మంలో ఇలాంటి జవాబు ఆమె విన్నట్టు లేదు. చప్పట్లు కొట్టింది.

లోపలి నుంచి ఓబుళి వచ్చింది. జరీ అంచు చీర, చంకన నిండు కడవ. కడవ అంచు మీది నుంచి నీళ్ళు తొణికి నేల మీద పడుతున్నాయి. మూడేళ్ళ తర్వాత నీళ్ళు తొణకడం చూసి తిప్పన ఆ తడి మీదికి చెయ్యి చాచాడు.

"అందింది, ప్రాణేశ్వరా" అంది ఆమె.

ఎనిమిదో సింహాసనం దానంతట అదే జరిగి అతని వెనక్కి వచ్చింది. తిప్పన సగం కూలబడ్డాడు. సింహాసనం చేతులు పాముల్లా వంగి అతని నడుం చుట్టూ రాసాగాయి. పొద్దు గోడ మీద నుంచి జారుతున్నది. ఓబుళి వంగి అతని చెయ్యి పట్టుకుంది. మెత్తగా ఉంది. ఆనపకాయ గుజ్జంత మెత్తగా.

మూడేళ్ళు రోజురోజుకూ పొడుగయ్యే తాళ్ళు లాగిన చేతులు ఓబుళివి. ఆ అరచేతులు ఉడుము వీపులా ఉంటాయి. చెంప మీద రాస్తే గీత పడుతుంది.

"నువ్వు నీళ్ళు తోడలేదు" అన్నాడు తిప్పన, ఒక్క విదిలింపుతో లేచి. "అదీ గాక, మా ఓబుళి నన్ను ప్రాణేశ్వరా అనే మనిషైతే నేను ఇల్లు ఇడిసి ఇంత దూరం ఎందుకొస్తానమ్మా?"

ఓబుళి పొగై విచ్చుకుపోయింది. కడవ పొగ, నీళ్ళు పొగ. కానీ జాము మాత్రం నిజంగానే పోయింది. మిగిలింది ఒకే ఒక్క జాము. మంగళవ్వ పీటెత్తుకుని, ఎవరికో కబురు చెప్పడానికన్నట్టు, స్తంభాల వెనక్కి గబగబా వెళ్ళిపోయింది.

అప్పుడు తిప్పన ముక్కు పని చేసింది. నీళ్ళ వాసన తాళ్ళవాడికి తెలుస్తుంది. ఏడుగురూ గోడల వైపు తిరిగి కూర్చున్నారు గానీ, ఆ వాసన మండపం నడిమధ్య పరిచిన రత్నకంబళి కింద నుంచి వస్తున్నది. కంబళి లాగాడు. కింద ఒక బావి. చీకటి తప్ప అడుగు లేదు. రెండో రాజకుమారుడి దగ్గరికి పోయి గుమ్మడికాయ ముక్క ఒకటి తెచ్చి వదిలి, చెవి ఆనించి లెక్కపెట్టాడు. అరవై బారలు. చప్పుడు తడి ఇసుక మీద పడిన చప్పుడు. ఆ పక్కనే రాగి ఖంగుమంది.

కుండ అక్కడుంది. తాడు లేదు.

చూస్తుండగానే తిప్పన స్తంభాల పట్టు తెరలన్నీ ఊడబెరికాడు. వందిమాగధుల శాలువలు లాగాడు. వాళ్ళు పొగే గానీ శాలువలు నిజం పట్టు. వాళ్ళు పొగడ్త ఆపకుండానే ఊరుకున్నారు. రాజకుమారుల అంగవస్త్రాలు, ఉత్తరీయాలు గుట్ట పోశాడు. ఇంకా చాలలేదని భల్లయ్య తలపాగా లాగాడు.

నడుం దాకా జుట్టు జారిపడింది.

తిప్పన నోరు తెరిచాడు. మూయడానికి కొంచెం సేపు పట్టింది. కానీ మూడు పేటల తాడును ఒక్కడు పేనలేడు. ఒకడు పేటలు కలుపుతూ వెనక్కి నడవాలి, అవతల కొస ఇంకొకరు పట్టి తిప్పాలి. కనుక తిప్పన ఆశ్చర్యపోవడం వాయిదా వేసి, ఆమె పిడికిలిలో ఒక కొస ఇరికించి, ఇవతలి నుంచి గట్టిగా మెలితిప్పి పురి ఎక్కించాడు. పురి ఎక్కిన గుడ్డ ఊరుకోదు. అరచెయ్యి కొరుకుతుంది. వదిలితే కొరడాలా మొహాన కొడుతుంది. కువలయ అన్న మీది చూపు ఒక్క క్షణం తిప్పి తన చేతిని చూసుకుంది.

అంతే చాలింది. ఆమె రెప్ప పడింది.

"ఎంత సేపైంది?" అంది.

"ఒక్క జాముండాది. భల్లయ్యా, నీ జుట్టు…"

"తర్వాత."

"ఎనిమిది దినాలు నీకు ఆముదం రాయమని…"

"తర్వాత అన్నాను గదా తిప్పన్నా. ముందు ఏం చెయ్యాలో చెప్పు."

ఒక్కొక్క రాజకుమారుడి చేతిలో ఒక్కొక్క కొస పడింది. ఆ సభలోకి వచ్చిన నాటి నుంచి వాళ్ళను ఎవరూ ఏ పనీ అడిగి ఎరుగరు. గుమ్మడికాయల వీరుడు కత్తి పడేసి అరచేతిలోని ఎర్రగీతను వింతగా చూసుకున్నాడు. కీర్తిమంతుడికి వందిమాగధుల గొంతులు మొదటిసారి చెవిలో ఈగల్లా వినిపించాయి. ప్రతాపభానుడొక్కడే కొస చూసి, మళ్ళీ పొగ తండ్రి వైపు తిరిగాడు.

"పట్టుకుంటే ఏం వస్తుంది?" అన్నాడు.

"నీకేమీ రాదు నాయనా" అన్నాడు తిప్పన.

"వదిలితే?"

"బావిలోకి దిగేది నేను. వదిలితే పడతా."

రాజకుమారుడు ఆ మాటను రెండుసార్లు పెదాలతో అనుకున్నాడు. తర్వాత కొస పట్టుకున్నాడు. చెల్లెల్ని అప్పుడు చూశాడు. ఇద్దరికీ ఏడవడానికి తీరిక లేకపోయింది.

అరవై బారల పైచిలుకు పట్టుతాడు మండపం ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఈ చివరికి సాగింది. ఎర్రటి ఎండ పడమటి స్తంభాల మీదికి వచ్చింది. అప్పుడు ఏడుగురికీ తగాదా వచ్చింది. తాడు ముందు భాగం ఎవరు పట్టుకోవాలి? ఏడుగురూ ముందువాళ్ళే. పుట్టుక అలాంటిది.

"పట్టు తప్పితే నా ఎనకాలే బావిలో పడేది ముందున్నోడే" అన్నాడు తిప్పన, నడుముకు ముడి వేసుకుంటూ.

ఏడుగురూ వెనక్కి పోయారు. కువలయ ముందు నిలబడింది. ప్రతాపభానుడు ముందుకు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

తిప్పన దిగాడు. పది బారల దగ్గర వెలుగు పోయింది. ముప్పై బారల దగ్గర గోడలు చల్లబడ్డాయి. తాడు పేనేవాడికి తాడే చెవి. దాని అదురును బట్టి పైన ఎన్ని జతల చేతులున్నాయో తిప్పన చెప్పగలడు. ఎనిమిది జతలు. అరవయ్యో బారలో కాళ్ళు తడి ఇసుకను తాకాయి.

కొబ్బరికాయంత రాగి కుండ, మూతకు బిగించి కట్టిన తీగ. కానీ లోపల ఒక నది ఉంది. కట్టేసిన కోడెదూడలా అది లోపలి నుంచి తంతున్నది. తిప్పన దాన్ని రెండు చేతులా కావలించుకోబోయి, బావి గోడలో పిల్లి మాత్రమే దూరేంత సందు ఉండడం చూశాడు. సందులోంచి పగటి వెలుగు. ఆ వెలుగులో కొండ వాలు వెంట దిగి, మెలికలు తిరుగుతూ దూరం పోతున్న తెల్లటి ఎండు ఇసుక దారి. ఆ ఇసుకను తిప్పన గుర్తుపట్టాడు. అది వెండేరు పడక. ఏరు పుట్టిన చోటే ఏరును దాచాడు ధూమకేశుడు. ఇంకెక్కడ పెట్టినా అది గోల పెట్టకుండా ఊరుకోదు మరి.

"లాగండి" అని కేక వేశాడు.

తాడు బిగిసింది. నది బరువుతో పట్టు కిర్రుమంది. ఒక బార. ఐదు బారలు. పది.

పదకొండో బారలో తాడు ఆగింది. పైనుంచి నల్లటి పొగ బావిలోకి దిగింది. పొగలో ధూమకేశుడి గొంతు ఉంది, పెళ్ళి పెద్దలా మర్యాదగా.

"రాజకుమారా, ఇందరిలోకీ గట్టిగా లాగింది నువ్వే. నీ వంతు అయిపోయింది. ఇక కూర్చో" అంటున్నది పైన ఎవరితోనో.

తాడు అదురు మారింది. ఏడు జతలు.

"నువ్వు లేకపోతే ఈ పని జరిగేదే కాదు. అయిపోయింది, చాలు" అంటున్నది ఇంకొకరితో.

ఆరు. ఐదు. తిప్పన జరజరా జారి మళ్ళీ సందు ఎదుటికి వచ్చాడు. కుండ ఒడిలో తన్నుతున్నది. నాలుగు. మూడు. సందులోని వెలుగు ఎరుపు తిరుగుతున్నది. కొండ కొమ్మున పక్షి రెండు తలలూ ఈపాటికి రెక్కలు విప్పుకుంటూ ఉంటాయి. జనపలపాడులో ఓబుళి బాన వంచి, అడుగున మిగిలింది ముంతలోకి దింపుతూ ఉంటుంది.

రెండు జతలు. అవి మాత్రం కదల్లేదు. ఒకటి కువలయది. రెండోది, వెనక నుంచి "శభాష్ నాయనా" అని పిలుస్తున్న తండ్రి గొంతు వైపు తల తిప్పకుండా, మణికట్ల నుంచి నెత్తురు కారుతున్నా పట్టుకుని ఉన్న ప్రతాపభానుడిది.

రెండు జతల చేతులు ఒక నదిని ఎంతసేపు మోస్తాయి?

పొగ తిప్పన చెవి దగ్గరకు వచ్చింది. "కుండ నీ చేతిలోనే ఉంది గదా తిప్పనా. నా పని అయింది అని ఒక్క మాట అను. ఎనిమిది జతల చేతులూ మళ్ళీ తాడు మీదికి వస్తాయి. నిన్ను పైకి చేరుస్తాను. పక్షి నిన్ను రాజు ముందు దింపుతుంది. కుండ తెచ్చినవాడికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు దండోరా వేయించాడు. ఎనిమిదో సింహాసనం ఎక్కడ కావాలంటే అక్కడ వేయిస్తాను."

"రాజు ముందు దింపితే, మా ఊరికి నీళ్ళు ఎప్పుడు వస్తాయి?"

"పట్టాభిషేకం కావాలి. ఊరేగింపు కావాలి. ఆ తర్వాత."

తిప్పన సందులోంచి తెల్లటి ఇసుక దారిని చూశాడు. దాని మీద నడిచేవాడికి జనపలపాడు ఎనిమిది రోజులు. పారేదానికి ఎంతసేపో అతనికి తెలియదు. మనిషి మోస్తే మాత్రం ఈ రోజు చేరదు. ఇక్కడే మూత తీస్తే, కుండను ఎవరు తెచ్చారని రేపు ఊరంతా అడుగుతుంది. ఎవరూ తేలేదనే చెప్పుకోవాలి.

"భల్లయ్యా" అని అరిచాడు పైకి. పాత పేరే నోటికి వచ్చింది. "మీ అన్నను తీసుకోని తాడు ఇడిసి పరిగెత్తు. పక్షి దగ్గరికి."

"వదిలితే నువ్వు పడతావు."

"పడేది నీళ్ళలోనే లేమ్మా."

అరవై బారల చీకటి పైన, తాడు ఇంకొక్క క్షణం బిగిసే ఉంది. తర్వాత సడలి, తిప్పన పాదాలు ఇసుకను తాకాయి. తిప్పన పళ్ళతో మూత మీది తీగ కొరికాడు. తీగ తెగింది. ధూమకేశుడు జీవితంలో మొదటిసారి గట్టిగా కేక పెట్టాడు. మూత ఎగిరి గోడకు తగిలింది. మూడేళ్ళ నది ఒక్కసారిగా లేచి, సందులోంచి ఎండు ఇసుక మీదికి ఉరికి, ఆ సందు చాలక మిగిలిన సగం బావిలోనే పైపైకి పొంగసాగింది. చల్లటి నీళ్ళు తిప్పన మోకాళ్ళు దాటాయి. నడుం దాటాయి. గడ్డం తాకాయి.

నీళ్ళు తోడడానికి జీవితమంతా తాళ్ళు పేనిన మనిషి అతను. మూడు పేటల తాడును చీకట్లో వేళ్ళతో చదవగలడు. ఈత మాత్రం రాదు.